సర్వర్‌ను తిట్టే ముందు ఇండెక్సు చూడండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ పత్రికలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. ఏదో కాగితం కోసం ఒక కార్యాలయానికి వెళ్తే పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నిలబెట్టారని, కిటికీ అవతల కూర్చున్న మనిషి ప్రతిసారీ "సర్వర్ స్లో" అన్న రెండు ముక్కలే చెప్పాడని, పాతవి పారేసి పెద్ద సర్వర్లు కొంటే తప్ప జనానికి ఈ తిప్పలు తప్పవని ఆయన రాశారు. ఆయన కోపం న్యాయమే. ఆయన రాసిన మందు మీదే నాకు అనుమానం. ఆ కార్యాలయం సంగతి నాకు తెలియదు. నిజంగానే అక్కడి యంత్రం పాతదై ఉండవచ్చు, లైను తెగి ఉండవచ్చు. కానీ ఆ రెండు ముక్కల వెనక మరో జబ్బు దాగి ఉండటం, దాని మందు ఏ కొట్టులోనూ కొనవలసిన పని లేకపోవడం నేను కళ్లారా చూశాను. అది చెప్పడానికే ఈ ఉత్తరం. పొడుగెక్కువైతే కత్తిరించుకోండి, బ్రాడీపేట గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి.

నేను రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగా చేరి, ఎక్కువ కాలం రికార్డు రూములోనే గడిపి, పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇంట్లో కూర్చోలేక ఇప్పుడు గుంటూరు పొలిమేరలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తున్నాను. కంప్యూటర్ చదువు చదవలేదు. అయితే ఇండెక్సు, అంటే ఏది ఎక్కడుందో చెప్పే సూచిక, అన్న మాట నాకు కంప్యూటర్ కంటే ముందే పరిచయం.

రెండేళ్ల కిందట, మార్చి నెల. లారీలు గేటు బయట బారులు తీరే రోజులు. సత్తెనపల్లి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. "నావి ఇంకా ఎన్ని టిక్కీలున్నాయో చెప్పండి గుమాస్తా గారూ, యార్డులో ధర కాస్త కదిలిందంటున్నారు" అన్నాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా. సరుకుకు మేమిచ్చే రసీదు, బాండు కాగితం, ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. ఫోను నంబరు చెప్పాడు. కొట్టాను. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఏం చేయాలో తోచక గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ కూర్చున్నాను. 42 సెకన్లు. ఈలోపు ఆయన బయటికి వెళ్లి, కుండలో నీళ్లు ముంచుకుని తాగి, మూతి తుడుచుకుంటూ వచ్చి, "మీ కంప్యూటర్‌కూ నాలాగే మోకాళ్ల నొప్పులా?" అన్నాడు. ఆయన వెనక 14 మంది ఉన్నారు. ఒక్కొక్కరికి నిల్వ ఎంత, అద్దె బాకీ ఎంత, తీసుకున్న అప్పు ఎంత అని మూడు నాలుగు తెరలు తెరవాలి. ఎండలో నిలబడ్డ మనిషికి ఆ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లకు ఫోను చేస్తే, "డేటా పెరిగిపోయింది సార్, కొత్త సర్వర్ కొనేయండి" అన్నారు. వాళ్ల పేరు ఇక్కడ అనవసరం. మా యజమాని కొటేషన్ కూడా తెప్పించి బల్ల మీద పెట్టుకున్నాడు.

ఉగాదికి మా చెల్లెలి కూతురు హైదరాబాద్ నుంచి వచ్చింది. డేటాబేసుల పనే, అంటే లెక్కలు పట్టికలుగా దాచి అడిగినవి వెతికిచ్చే సాఫ్ట్‌వేర్ల పనే, దాని ఉద్యోగం. ఆదివారం పూట దాన్ని కోల్డ్ స్టోరేజీకి వెంటబెట్టుకుని వెళ్లాను. అది కుర్చీలో కూర్చుంటూనే యంత్రం ఎన్నేళ్లదని అడగలేదు. "మామయ్యా, మీరు వెతకమన్నప్పుడు ఇది లోపల ఏం చేస్తోందో ముందు దీన్నే అడుగుదాం" అంది. అలా అడగవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. మాది మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్. మనం వేసే ప్రశ్నకు ముందు "ఎక్స్‌ప్లెయిన్" అన్న ఒక్క మాట తగిలిస్తే, ఏ దారిన వెతకబోతోందో అదే చెబుతుంది. దాని జవాబు చిన్న పట్టికలా వచ్చింది. "టైప్" అన్న గడిలో "ఆల్" అని ఉంది. "కీ" అన్న గడిలో "నల్" అని ఉంది. "రోస్" అన్న గడిలో 6 లక్షల పైచిలుకు అంకె. అంటే ఏ ఇండెక్సూ వాడుకోవడం లేదు, మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా మొత్తం చదువుతోంది.

మా లెక్కల్లో ఒక్కో టిక్కీ తూకం ఒక్కో వరుస. ఆరు సీజన్ల టిక్కీలు అలా పోగుపడ్డాయి. ఆ సత్తెనపల్లి రైతువి మొత్తం 12 లాట్లు. ప్రోగ్రామ్ ఒక్కో లాటుకు ఒక్కోసారి వెళ్లి టిక్కీల పట్టికను అడుగుతోంది. అడిగినప్పుడల్లా 6 లక్షల వరుసలూ చదువుతోంది. పన్నెండు ఆర్లు డెబ్బై రెండు. అంటే 72 లక్షల వరుసలు తిరగేసి, ఆరు వందల చిల్లర టిక్కీలు ఏరి మా చేతిలో పెడుతోంది. ఆ పని 42 సెకన్లలో చేసిందంటే అది సోమరి యంత్రమేమీ కాదు. దానిచేత మేం చేయిస్తున్న చాకిరీయే అలాంటిది.

మా అమ్మాయి టిక్కీల పట్టికలో లాటు నంబరు మీద ఒక ఇండెక్సు కట్టించింది. ఒక్క వాక్యం రాసింది, అంతే. అది తయారవడానికి నిమిషం కూడా పట్టలేదు. మళ్లీ అదే ఫోను నంబరు నన్నే కొట్టమంది. మీట మీద నుంచి వేలు తీసేలోపు వివరాలు వచ్చేశాయి. ఏదో పాత జవాబే చూపిస్తోందేమోనని మరో నలుగురు రైతుల నంబర్లు కొట్టి చూశాను.

మొదటి సీజన్లో ఈ సాఫ్ట్‌వేర్ చక్కగానే పనిచేసింది. కారణం ఇప్పుడు తెలుస్తోంది. పట్టికలో ప్రతి వరుసకూ ఇచ్చే ప్రధాన సంఖ్యకు ఇండెక్సు దానంతట అదే వస్తుంది. మిగిలిన గడులకు కావాలంటే మనిషి చెప్పాలి. రాసినవాళ్లు చెప్పలేదు. కొద్ది వరుసలున్నప్పుడు మొత్తం చదివినా రెప్పపాటే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. ఏటా కాస్త కాస్త నెమ్మదిస్తూ వచ్చింది. మేం దాన్ని ముసలితనం అనుకున్నాం.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. జీవితమంతా చేసిన పని ఇదే కదా, ఎదురుగా కూర్చుని ఎలా గుర్తుపట్టలేకపోయానా అని.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 55వ సెక్షన్ ప్రతి కార్యాలయంలో నాలుగు ఇండెక్సులు ఉండాలని చెబుతుంది. స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలో ఎక్కుతాయి. రాసిచ్చినవారి పేర్లు, రాయించుకున్నవారి పేర్లు 1వ ఇండెక్సులో ఉంటాయి. అవే దస్తావేజుల్లోని ఆస్తి వివరాలు 2వ ఇండెక్సులో ఉంటాయి. 3వది వీలునామాల పుస్తకానికి, 4వది తక్కిన దస్తావేజుల పుస్తకానికి. ఒకే దస్తావేజుకు రెండు ఇండెక్సులు ఎందుకు? వచ్చే మనిషి రెండు రకాలుగా అడుగుతాడు గనక. "మా తాతగారు ఏమేం అమ్మారు?" అని ఒకడు వస్తాడు. "ఫలానా ఊరి ఫలానా సర్వే నంబరు మీద ఏమైనా లావాదేవీలున్నాయా?" అని ఇంకొకడు వస్తాడు. చట్టం రాసినవాళ్లు కాగితాల గురించి కాక ఆ అడిగే మనిషి గురించి ఆలోచించారు. దస్తావేజులు మాత్రం వచ్చినవి వచ్చినట్టే వాల్యూముల్లో ఎక్కుతూ పోతాయి. వాటిని పేర్ల ప్రకారం సర్దితే సర్వే నంబర్ల వరుస చెడుతుంది, సర్వే నంబర్ల ప్రకారం సర్దితే పేర్ల వరుస చెడుతుంది. అందుకని అసలును కదపకుండా, పక్కన పల్చటి పుస్తకాలు రెండు పెట్టుకుని, వాటిని మాత్రం వరుసలో ఉంచాలి. ఈసీ కోసం, అంటే ఆస్తి మీద ఉన్న లావాదేవీల ధ్రువపత్రం కోసం, మనిషి వస్తే 2వ ఇండెక్సు దించి, ఊరి పేజీ తీసి, సర్వే నంబరు మీద వేలు పెట్టి, వాల్యూము సంఖ్య, పేజీ సంఖ్య చీటీ మీద రాసుకుని, అప్పుడు నిచ్చెన ఎక్కేవాణ్ణి. ఇండెక్సు చూడకుండా నిచ్చెన ఎక్కిన కొత్త గుమాస్తాను మేమంతా ఎగతాళి చేసేవాళ్లం. కంప్యూటర్లు వచ్చాక ఆ పుస్తకాలకు కాలం చెల్లిందనుకున్నాను. అవి కంటికి కనబడకుండా లోపలికి వెళ్లాయి, అంతే. మా కోల్డ్ స్టోరేజీ కంప్యూటర్ ఆరేళ్లుగా ఇండెక్సు లేకుండా నిచ్చెన ఎక్కి దిగుతూనే ఉంది.

లోపలున్న ఆ పుస్తకం ఎలా ఉంటుందని మా అమ్మాయిని అడిగాను. దాన్ని బీ-ట్రీ అంటారట. 1970లో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ అనే ఇద్దరు బోయింగ్ కంపెనీ పరిశోధనశాలలో దీన్ని కనిపెట్టారు. బోయింగ్ అంటే విమానాలే అనుకునేవాణ్ణి. విమానానికి విడిభాగాలు ఎన్ని ఉంటాయో తలుచుకుంటే వాళ్లకు ఇండెక్సు గోల ఉండటంలో వింత లేదు. పేరులో బీ అంటే ఏమిటో ఆ ఇద్దరూ తేల్చి చెప్పలేదు. బేయర్ అనేవారున్నారు, బోయింగ్ అనేవారున్నారు. మా డేటాబేసులో ఈ పుస్తకంలోని ఒక్కో పేజీ 16 కిలోబైట్లు. ఒక పేజీలో వందలకొద్దీ దారి గుర్తులు పడతాయి, ఫలానా సంఖ్య నుంచి ఫలానా సంఖ్య దాకా ఫలానా పేజీకి వెళ్లు అని. పేజీకి 300 గుర్తులే అనుకున్నా, మూడు మెట్లు దిగేసరికి 300ను మూడుసార్లు హెచ్చవేసినంత, అంటే 2 కోట్ల 70 లక్షల వరుసలు అందుబాటులోకి వస్తాయి. మూడు పేజీలు తిప్పితే చాలు. మేం ఏ బీరువా, ఏ అర, ఏ వాల్యూము అని వెళ్లినట్టే. పైగా అట్టడుగు పేజీలు ఒకదాని పక్కన ఒకటి వరుస తప్పకుండా గొలుసు కట్టి ఉంటాయి. దీని ఉపయోగం నాకు మర్నాడు తెలిసింది.

మా తెరల్లో "ఇటీవల బయటికి వెళ్లిన 20 లాట్లు" అని ఒకటుంది. యజమాని పొద్దున్నే వచ్చి మొదట తెరిచేది అదే. ఆ 20 చూపడానికి కంప్యూటర్ పట్టిక మొత్తాన్నీ తేదీల ప్రకారం సర్ది, పై 20 ఉంచుకుని తక్కినవి వదిలేస్తోంది. తేదీ మీద ఇండెక్సు కడితే సర్దే పనే లేదు, అది ముందే వరుసలో ఉంది. చివరి పేజీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి 20 లెక్కపెట్టి ఆగిపోతుంది. యజమాని కాఫీ తాగుతూ తెర చూసి, కొటేషన్ కాగితం తీసి సొరుగులో పడేశాడు. చించలేదు, జాగ్రత్తపరుడు.

ఇక బ్రాడీపేట. గుంటూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు, బయటివారి కోసం రాస్తున్నాను. మా దగ్గర చిరునామా 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. పోస్ట్‌మన్ తన కట్టను ముందు లైన్ల ప్రకారం, ఒక లైనులో మళ్లీ అడ్డరోడ్ల ప్రకారం పేర్చుకున్నాడనుకోండి. "నాలుగో లైను ఉత్తరాలన్నీ ఇవ్వు" అంటే ఒక ముద్దగా తీసి ఇస్తాడు. "4/7 ఉత్తరాలు ఇవ్వు" అన్నా తడుముకోడు. "లైను తెలియదు, ఏడో అడ్డరోడ్డువి ఇవ్వు" అంటే మాత్రం కట్టంతా విప్పాలి. ఎందుకంటే ఏడో అడ్డరోడ్డు ఉత్తరాలు ప్రతి లైను ముద్దలోనూ తలో చోట ఇరుక్కుని ఉన్నాయి. నేల మీదైతే ఈ బాధ లేదు. ఏడో అడ్డరోడ్డు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచిపోవచ్చు. నేలకు రెండు దిక్కులున్నాయి, కట్టకు ఒకటే దిక్కు.

రెండు మూడు గడులు కలిపి కట్టే ఇండెక్సు సరిగ్గా ఆ కట్టలాంటిదే. మేం రైతు సంఖ్య, తేదీ కలిపి ఒకటి కట్టాం. ఒక రైతువన్నీ తేదీల వరుసలో కావాలంటే వెతుకులాట, సర్దుబాటు రెండూ ఒక్క దెబ్బతో తీరిపోయాయి. అయితే తేదీ మాత్రమే చెప్పి ఆ రోజు ఎవరెవరు వచ్చారని అడిగితే ఇది అక్కరకు రాదు. యజమాని ఉదయపు తెర కోసం తేదీది వేరుగా ఉండాల్సిందే. ఏ గడి ముందు, ఏది వెనక అన్నదానికి మా అమ్మాయి ఒక వరస చెప్పింది. ఖచ్చితంగా ఇంత అని అడిగే గడి ముందు, ఏ వరుసలో చూపాలో ఆ గడి తర్వాత, ఇంత నుంచి ఇంత దాకా అని అడిగేది ఆఖరున. ఎప్పుడూ ఇదే కుదురుతుందనేం లేదని, ప్రతిసారీ ఎక్స్‌ప్లెయిన్ వేసి చూసుకోమని కూడా అంది.

ఇండెక్సు ఉన్నా పనికిరాకుండా చేసుకునే మార్గాలు చాలానే ఉన్నాయి. మా దగ్గర రెండు దొరికాయి. బాండు మరిచిపోయిన రైతులు చాలామంది ఫోను నంబరు మొత్తం చెప్పరు. "చివర 4417 అండీ" అంటారు. మేం ఆ నాలుగంకెలు కొట్టి వెతికేవాళ్లం. ఫోను నంబరు మీద ఇండెక్సు కట్టాక కూడా ఈ వెతుకులాట మాత్రం నత్తనడకే. నిఘంటువులో "రావు"తో మొదలయ్యే మాటలు వెతకడం తేలిక, "రావు"తో ముగిసే మాటలు వెతకాలంటే నిఘంటువంతా చదవాలి. ఇదీ అంతే. మా అమ్మాయి ఫోను నంబరును తిరగేసి దాచే గడి ఒకటి అదనంగా పెట్టి, దాని మీద ఇండెక్సు కట్టింది. ఇప్పుడు 4417 కొడితే ప్రోగ్రామ్ దాన్ని 7144గా తిప్పుకుని, ఆ అంకెలతో మొదలయ్యేవి వెతుకుతుంది. చివర ఉన్నది మొదటికి వచ్చింది గనక పని జరిగిపోతుంది. చదివి నవ్వుకుంటారేమో గానీ, రోజుకు వందసార్లు వాడుతున్నాను.

రెండోది తేదీల దగ్గర. ఫలానా సంవత్సరం సరుకు చూపమంటే, సాఫ్ట్‌వేర్ ప్రతి వరుసలోని తేదీనీ తీసి, అందులోంచి సంవత్సరం కత్తిరించి, మనం అడిగినదానితో పోల్చి చూస్తోంది. ఇండెక్సులో ఉన్నవి తేదీలు, పోల్చేది కత్తిరించిన ముక్కలు. అది వాడుకోలేదు. ప్రశ్నను జనవరి 1 నుంచి తర్వాతి జనవరి 1 లోపు అని మార్చి రాస్తే అదే ఇండెక్సు చక్కగా పనిచేసింది.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం. మా అమ్మాయి వెళ్లేటప్పుడు ఇండెక్సు కట్టే వాక్యం నా నోటుపుస్తకంలో రాసిచ్చి వెళ్లింది. ఒక పని నేర్చుకున్న ముసలివాడి చేతికి మళ్లీ కుర్రతనం వస్తుంది. ఊరు, రకం, ఛాంబర్, అర, హమాలీ ముఠా, లారీ నంబరు, బాకీ ఉందా లేదా అని గడికో ఇండెక్సు చొప్పున పదకొండు కట్టేశాను. రెండు రోజులు ఏమీ తెలియలేదు. మూడో రోజు రాత్రి ఆనాటి కాటా లెక్కలు, సుమారు 8 వేల టిక్కీల తూకాలు, మామూలుగా ఎక్కించడం మొదలుపెట్టాను. ఐదారు నిమిషాల్లో అయ్యే పని. అరగంటైనా సగం దగ్గరే ఉంది. కాటా కుర్రవాడు బల్ల మీద తలపెట్టి నిద్రపోయాడు. హైదరాబాద్‌కు ఫోను చేస్తే అటువైపు ముందు నవ్వు వినిపించింది. "మామయ్యా, ఒక దస్తావేజు రాగానే మీరు ఎన్ని ఇండెక్సుల్లో ఎక్కించేవారు?" అని అడిగింది. రెండింట్లో అన్నాను. "ఇప్పుడు ఎన్నింట్లో ఎక్కించమంటున్నారు?" అంది. అప్పటికి అర్థమైంది. కొత్త వరుస చేరిన ప్రతిసారీ పదకొండు పుస్తకాల్లోనూ సరైన చోటు వెతికి రాయాలి, పేజీ నిండిపోతే దాన్ని రెండుగా చీల్చి సర్దాలి. వెతుకులాటలో మిగిలిన కాలానికి ధర ఎక్కించేటప్పుడు కట్టాలి. పైగా ఆ పుస్తకాలన్నీ డిస్కులో చోటు తింటాయి. ఆ రాత్రే తొమ్మిది తీసేశాను.

తీసేసిన వాటిలో రకం మీద కట్టినది శుద్ధ దండగ. మా దగ్గర దిగే సరుకులో సగానికి సగం తేజ. తక్కిన మిర్చి రకాలు బాడిగ, 334, 341 వగైరా. తేజ ఎక్కడెక్కడ ఉందని ఇండెక్సును అడిగితే సగం పట్టిక చూపిస్తుంది. దానికన్నా నేరుగా పట్టిక చదువుకోవడమే తేలిక. రికార్డు రూములో "గుంటూరు జిల్లావారు" అని ఒక ఇండెక్సు పెట్టినట్టు! వింతేమిటంటే, అలాంటి ఇండెక్సు మనం కట్టి ఇచ్చినా డేటాబేస్ దాన్ని వాడుకోదు. ఎన్ని వరుసలు తగులుతాయో ముందే అంచనా వేసి, ఏ దారి చవకో లెక్క వేసుకుంటుంది. ఐబీఎం పరిశోధనశాలలో ప్యాట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు 1979లో ప్రకటించిన పద్ధతి ఇది. ఇప్పటికీ డేటాబేసులు ఆ బాటలోనే నడుస్తున్నాయి. మా దగ్గర ఉంచిన రెండింటిలో ఒకటి "ఇంకా నిల్వ ఉన్నవి, ఈ సీజనువి" అన్నది. ఏప్రిల్‌లో సరుకంతా లోపలే ఉంటుంది కాబట్టి దాన్ని పట్టించుకోదు. డిసెంబరుకు వచ్చేసరికి మిగిలినవి కొద్ది, అప్పుడు చక్కగా వాడుకుంటుంది. అదే ఇండెక్సు, అదే ప్రశ్న, కాలాన్ని బట్టి వేర్వేరు దారులు. మంచి గుమాస్తాకు ఉండవలసిన తెలివి అది. అయితే ఆ అంచనాలు పాతబడితే పొరపాటు దారి పడుతుందట. అప్పుడప్పుడు "అనలైజ్" అన్న ఆజ్ఞ వేసి లెక్కలు కొత్తవి చేయించుకోవాలి. ప్రతి నెల మొదటి తేదీన నేను వేస్తాను, పంచాంగం చూసినట్టు.

కనుక ఆ పాఠకుడికీ, ఆయనలా కిటికీల దగ్గర నిలబడేవారికీ, అంతకంటే ముఖ్యంగా కిటికీ లోపలి పెద్దలకూ నా మనవి ఇది. సాఫ్ట్‌వేర్ రాయించే ముందు మీ దగ్గరికి వచ్చే జనం ఏమేం చెప్పి వెతకమంటారో ఒక కాగితం మీద రాయండి. పేరు చెబుతారా, నంబరు చెబుతారా, నంబరులో చివరి ముక్క చెబుతారా, ఏ వరుసలో చూపాలి. ఇది సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లకు తెలిసే విషయం కాదు, కిటికీలో కూర్చునే గుమాస్తాకు తెలుస్తుంది. ఆ కాగితాన్ని టెండరు పత్రాలతో జత చేయండి. సరుకు చూపించడానికి వచ్చినవాళ్లు 20 వరుసలు పెట్టి చూపిస్తే చప్పట్లు కొట్టకండి. 20 వరుసల మీద ఏదైనా పరుగెడుతుంది. ఆరేళ్ల లెక్కలు ఎక్కించి, అప్పుడు చూపించమనండి. ఇప్పటికే నెమ్మదించిన చోట్ల, ఎక్కువసేపు పట్టిన ప్రశ్నలను చీటీ రాసిపెట్టే సదుపాయం డేటాబేసులోనే ఉంటుంది. మై ఎస్‌క్యూఎల్‌లో అది మామూలుగా మూసి ఉంటుంది, తెరిచినా 10 సెకన్లు దాటినవే రాస్తుంది. మేం తెరిచి, 2 సెకన్లకు తగ్గించి పెట్టాం. మొదటి వారంలోనే ఏ ప్రశ్నలు మమ్మల్ని ముంచుతున్నాయో పేరుపేరునా తెలిసిపోయింది. ఇవన్నీ చూశాక కూడా నెమ్మదిగానే ఉంటే అప్పుడు సర్వర్ కొనండి, ఎవరు వద్దన్నారు?

చివరగా ఒక సందేహం ఉంది, మీ పాఠకుల్లో తెలిసినవారు తీర్చాలి. మా పట్టికలో రైతుల పేర్లన్నీ ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్నాయి. ఒకే వెంకటేశ్వర్లు గారు నాలుగు సీజన్లలో నాలుగు స్పెల్లింగులతో నలుగురయ్యారు. ఏ ఇండెక్సూ వారిని మళ్లీ ఒకటి చేయలేదు. వచ్చే సీజనులోపు పేర్లన్నీ తెలుగులో ఎక్కించాలని కూర్చున్నాను. అయితే ఇండెక్సు అంటే వరుస, తెలుగులో వరుస ఏది? కంప్యూటర్‌లో అక్షరాలకు ఇచ్చిన సంకేతాల్లో "ఱ" సరిగ్గా "ర" పక్కన ఉంది. మనం బడిలో దాన్ని ఆఖరున వల్లించాం. "క్ష"ను కంప్యూటర్ కకారానికి షవత్తుగా చూసి "క"లో కలిపేస్తుంది. పెద్దబాలశిక్ష చదివిన మా యజమాని అది "హ" దాటాక ఉండాలంటాడు. ఇండెక్సు ఒక వరుసలో కట్టి ప్రశ్న ఇంకో వరుసలో అడిగితే మళ్లీ సర్దే చాకిరీ మొదటికొస్తుందని మా అమ్మాయి ముందే హెచ్చరించింది. కాబట్టి ఒకటేదో తేల్చుకోవాలి. గ్రంథాలయాల్లో, ఓటర్ల జాబితాల దగ్గర, బడి రిజిస్టర్ల దగ్గర పనిచేసినవారు మీరు ఏ వరుస పాటించారో మీ పత్రిక ద్వారా తెలియజేస్తే, దసరాలోపు పని మొదలుపెడతాను.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక రికార్డు గుమాస్తా,
బ్రాడీపేట, గుంటూరు.